స్మృతిలేని సందర్శకుడు

1989వ సంవత్సరమున జెనీవా నగర సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ నేటి వెబ్‌కు మూలమైన తన ప్రతిపాదనను పై అధికారులకు సమర్పించిన నాడు ఆయన మనస్సులో దుకాణము లేదు, బ్యాంకు లేదు, ప్రయాణపు టిక్కెట్ల విక్రయము లేదు. నానాదేశములనుండి వచ్చి పోవుచుండు భౌతికశాస్త్రవేత్తల పత్రములు చెదరిపోకుండ, లంకెలచే ఒకదానితో నొకటి పెనవేసికొని, అడిగినవారికెల్ల లభించునట్లు చేయవలెనను సంకల్పమొక్కటే ఉండెను. ఆ సంకల్పమునకు తగినట్లుగానే ఆయన కల్పించిన సంభాషణ నియమావళి, అనగా నేడు మనము హెచ్‌టిటిపి అని వ్యవహరించునది, మిక్కిలి నిరాడంబరముగా రూపొందెను. పాఠకుని కంప్యూటరు ఒక పుటను అడుగును. సర్వరు ఆ పుటను ఇచ్చును. అంతటితో ఇరువురి సంబంధమును ముగియును. మరుక్షణమున అదే పాఠకుడు వేరొక పుట నడిగినను, ఇతడిప్పుడే వచ్చిపోయినవాడని సర్వరు ఎరుగదు. పత్రములను పంచిపెట్టుటకు ఈ మరపు దోషము కాలేదు. ఎవరెవరు వచ్చిరో, ఎవరేమి చదివిరో జ్ఞాపకముంచుకొను భారము లేకుండుటచేతనే నాటి చిన్న కంప్యూటర్లు సైతము వేలకొలది పాఠకులకు అలుపులేక సమాధానమీయగలిగెను.

వర్తకము ప్రవేశించినంతనే ఈ మరపు అవరోధమైనది. కొనదలచిన వస్తువులను ఒక పుటలో ఎంచుకొని, రెండవ పుటలో చిరునామా వ్రాసి, మూడవ పుటలో సొమ్ము చెల్లింపబోవు కొనుగోలుదారుని, ప్రతి పుటకడను క్రొత్తవానివలె చూచు యంత్రముతో వ్యాపారము సాగునా? 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మాంటులీ అను యువ ఇంజనీరు ఈ చిక్కును విడదీసెను. ఎంసిఐ అను టెలిఫోను సంస్థకై ఒక అమ్మకపు వ్యవస్థను నిర్మింపవలసివచ్చినపుడు, ఇంకను ముగియని కొనుగోళ్ల వివరములను తమ సర్వర్లపై దాచుటకు ఆ సంస్థ సమ్మతింపలేదు. దాచుట తప్పనిసరియైనచో కొనుగోలుదారుని కంప్యూటరులోనే దాచవలెనని మాంటులీ నిశ్చయించి, కుకీని కల్పించెను. సర్వరు పుటతోపాటు ఒక చిన్న వాక్యఖండమును పంపును. బ్రౌజరు దానిని భద్రపరచుకొని, తిరిగి ఆ సర్వరుకడకు పోయినప్పుడెల్ల మారుమాట లేకుండ అప్పగించును. కుకీ యనగా ఇంతే. అది ప్రోగ్రాము కాదు, వైరసు కాదు, 4,096 బైట్లకు మించని అక్షరముల వరుస మాత్రమే. పేటెంటు దరఖాస్తును 1995లో సమర్పింపగా 1998లో మంజూరైనది. కుకీలకు సంబంధించిన ప్రమాణపత్రములు 1997లో ఒకటియు, 2000లో ఒకటియు వెలువడినను, వాస్తవముగా బ్రౌజర్లు ఆచరించుచున్న పద్ధతిని ఉన్నదున్నట్లు వర్ణించిన ప్రమాణము 2011 ఏప్రిలులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 6265 మాత్రమే.

కుకీలో దాచునది సాధారణముగా మన వివరము కాదు, ఒక సంఖ్య. తిరుమలలో దేవాలయము వెలుపల చెప్పులు భద్రపరచుచోట మన చేతికిచ్చు టోకెను వంటి దది: టోకెనులో చెప్పులును లేవు, మన పేరును లేదు, చెప్పులు అరమీదనే యుండును, అంకెను చూపిన చేతికి ఆ అరలోనివి వచ్చును. సర్వరు తన కడ తెరచు ఈ అరనే సెషను అందురు. ఎంచుకొన్న వస్తువులు, లాగిన్ అయిన పేరు, కోరిన భాష, చదివిన వ్యాసముల లెక్క మున్నగున వన్నియు సెషనులో నుండును. పాఠకుని బ్రౌజరు మోయునది ఆ సంఖ్యను మాత్రమే. ఈ ఏర్పాటు వచ్చిన పిమ్మట వెబ్ రెండు విధముల పాఠకులు గలదైనది: గుర్తు గలవారు, గుర్తు లేనివారు.

గుర్తు లేనివారిలో అగ్రగణ్యుడు మానవుడు కాడు. శోధనయంత్రములు తమ సూచికలను నింపుకొనుటకై పంపు క్రాలర్లు కుకీకన్న వయస్సున పెద్దవి. మసాచుసెట్స్‌లోని ఎంఐటి విద్యార్థి మాథ్యూ గ్రే వెబ్ విస్తారమును కొలుచుటకై వరల్డ్ వైడ్ వెబ్ వాండరర్ అను క్రాలరును 1993 జూనులో నడిపెను; అదే సంవత్సరము డిసెంబరులో స్కాట్లండులోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయమునుండి జోనథన్ ఫ్లెచర్ జంప్‌స్టేషన్ అను శోధనయంత్రమును వెలువరించెను; 1994లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున బ్రయాన్ పింకర్టన్ వెబ్‌క్రాలరును నిర్మించెను. ఒక పుటను తెచ్చి, అందలి లంకెలను ఏరి, ఇంతకుముందు చూడని చిరునామాలను వరుసలో చేర్చి, మరల వరుసలోని తరువాతి దానిని తెచ్చుట, ఇదియే క్రాలరు చేయు పని యంతయు. 1998లో సెర్గే బ్రిన్, లారీ పేజ్ తమ ప్రసిద్ధ వ్యాసమున గూగుల్‌ను లోకమునకు పరిచయము చేసిననాటికి నాలుగు క్రాలర్లు, ఒక్కొక్కటి సుమారు 300 సంబంధములను ఏకకాలమున తెరచియుంచి, సెకనుకు నూరు పుటలకు పైగా తేగలిగెడివి. 2 కోట్ల 40 లక్షల పుటలు వారి సూచికలో చేరెను. ఒకానొక ఆన్‌లైన్ ఆటలోనికి తమ క్రాలరు తెలియక ప్రవేశించుటచే ఆట నడుమ అర్థములేని సందేశములు కుప్పలుగా వచ్చిపడెనని వారే ఆ వ్యాసమున వ్రాసిరి. సందర్శకుని చేష్టలకు బదులుగా రూపము మార్చుకొను వెబ్ ఒకటి అప్పటికే పుట్టినదనియు, చదువుటకే పుట్టిన క్రాలరునకు దానితో పొత్తు కుదురదనియు తెలుపు తొలి సూచనలలో దీనిని ఒకటిగా నేను భావింతును.

సర్వరు కుకీని ఇచ్చినపుడు క్రాలరు ఏమి చేయును? దాచుకొనగలిగియు, బుద్ధిపూర్వకముగానే, దాచుకొనదు. గూగుల్ వారి పుటనిర్మాణ వ్యవస్థ నేడు పూర్తి క్రోమియం బ్రౌజరు నాధారముగా చేసికొని జావాస్క్రిప్టును సైతము నడుపుచున్నను, ఒక పుటనుండి వేరొక పుటకు పోవునప్పుడు కుకీలను, బ్రౌజరులోని స్థానిక నిల్వను, సెషను నిల్వను మూడింటిని తుడిచివేయునని ఆ సంస్థ స్పష్టముగా ప్రకటించినది. ప్రతి పుటకును అది తొలిసారి వచ్చిన అపరిచితుడే.

దీనికి యంత్రనిర్మాణ సంబంధమైన కారణమొకటి గలదు: ఒకే వెబ్‌సైటులోని పది పుటలను పది వేర్వేరు కంప్యూటర్లు, వేర్వేరు దినములలో, తమకు వీలైన క్రమమున తెచ్చుచుండగా, వానియన్నిటి నడుమ కుకీలను పంచుకొనుట వ్యయప్రయాసలతో గూడిన పని. అయినను అసలు కారణము అది కాదు. శోధనయంత్రము తన సూచికద్వారా ప్రతి పాఠకునికి ఒక మాట ఇచ్చుచున్నది: ఈ లంకెను నీవు నొక్కినచో ఈ విషయము నీకు కనబడును. నొక్కువాడు ఎవడో యంత్రమునకు తెలియదు. అతడు ఆ వెబ్‌సైటునకు మునుపెన్నడును పోనివాడే కావచ్చును. కావున అపరిచితునికి కనబడునదేదో దానినే చూచి సూచికలో నెక్కింపవలెను. కుకీని మోసికొనిపోయిన క్రాలరు తనకై ప్రత్యేకముగా వండివడ్డించిన పుటను చూచును; అట్టి పుటను సూచికలో చేర్చినచో ఇచ్చిన మాట తప్పినట్లగును. ఈ మరపు ఒక విధమైన సత్యనిష్ఠ యని నా అభిప్రాయము.

ప్రయోజనము వేరైనచో నియమమును వేరగును. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ, ఉత్తర ఐరోపా దేశముల జాతీయ గ్రంథాలయముల సహకారముతో నిర్మించిన హెరిట్రిక్స్ అను క్రాలరు కుకీలను స్వీకరింపగలదు, నిర్వాహకుడు కోరినచో లాగిన్ పత్రమును నింపి లోనికి పోగలదు. భావితరములకై ఒక వెబ్‌సైటును భద్రపరచుట దాని పని గనుక.

ఇక అసలు కష్టకాలమును గూర్చి చెప్పవలెను. 1990ల చివర, కుకీలపై ప్రజలలో అనుమానము ప్రబలి, పలువురు తమ బ్రౌజర్లలో వానిని నిషేధింపసాగినపుడు, వెబ్‌సైట్ల నిర్మాతలు వేరొక మార్గమును త్రొక్కిరి. సెషను సంఖ్యను కుకీలో గాక పుటయొక్క చిరునామాలోనే ఇమిడ్చి, ఆ పుటలోని లంకెలన్నిటి చివరను అదే సంఖ్య నతికించి పంపుట ఆ మార్గము. పిహెచ్‌పి భాషలో వ్రాసిన వెబ్‌సైట్ల చిరునామాల తుదను పిహెచ్‌పిసెస్ఐడి అను మాటయు దాని వెంబడి పొడవైన అక్షరాంకముల గొలుసును, జావా సర్వర్ల చిరునామాలలో ఒక అర్ధవిరామ చిహ్నమును దాని వెనుక జెసెషన్ఐడి అను మాటయు కనబడుచుండుట ఆనాటి వెబ్ చదువరులు మరచియుండరు. కుకీని తిరస్కరించు మానవునికొరకు కల్పించిన ఈ ఉపాయము, కుకీ నెన్నడును మోయని క్రాలరుపై పూర్తిగా వచ్చిపడెను.

ఒక వెబ్‌సైటులో 1,000 పుటలున్న వనుకొందము. క్రాలరు తలుపు తట్టగానే సర్వరు దానిని క్రొత్తవానిగా నెంచి ఒక సంఖ్యను పుట్టించి, ప్రతి లంకెకును దానిని తగిలించును. క్రాలరు ఆ 1,000 చిరునామాలను వ్రాసికొనిపోవును. కొన్ని దినములకు తిరిగి వచ్చునప్పటికి పాత సెషను ఎప్పుడో కాలము చెల్లియుండును; పిహెచ్‌పిలో సామాన్యముగా నుండు గడువు 1,440 సెకనులు, అనగా 24 నిమిషములు మాత్రమే. తలుపుకడ మరల క్రొత్త సంఖ్య పుట్టును. మరల 1,000 లంకెలు, ఇంతకుముందెన్నడును చూడని రూపమున, ఎదుటికి వచ్చును. పది మారులు వచ్చినచో పుటలు వేయియే, చిరునామాలు పదివేలు. చిరునామా వేరైనచో పుటయు వేరని నమ్ముట తప్ప క్రాలరునకు మొదట వేరు దారి లేదు. కావున అంతమెరుగని ఆవర్తమున చిక్కి, ఉన్న పుటలనే తెచ్చి తెచ్చి, నిజముగా క్రొత్తవియగు పుటలకు సమయము చాలక వెనుదిరుగును. మెర్కేటర్ అను క్రాలరును నిర్మించిన అలన్ హెయ్డన్, మార్క్ నయోర్క్ అను శాస్త్రజ్ఞులు, ఒకే పత్రమునకు అనంతసంఖ్యలో చిరునామాలు ఏర్పడు ఈ ప్రమాదమును 1999 నాటికే గుర్తించి చెప్పియుండిరి.

ఇందువలన కలిగిన నష్టము శోధనయంత్రములకు మాత్రమే కాదు. ఒక పుటకు పరులిచ్చిన లంకెల సంఖ్యనుబట్టి దాని గౌరవమును నిర్ణయించు పద్ధతి గూగుల్‌కు మూలస్తంభము. ఒకే వ్యాసమునకు ఒకడు ఒక సెషను సంఖ్యతో, మరియొకడు వేరొక సంఖ్యతో లంకె నిచ్చినచో, ఆ వ్యాసమునకు రావలసిన గౌరవము ముక్కలై చెదరిపోవును. అంతకుమించిన ముప్పు వేరొకటి గలదు. సెషను సంఖ్యను చూపినవాడే సొంతదారుగా చెల్లును గదా. అట్టి సంఖ్య చిరునామాలో బహిరంగముగా నుండి, ఆ చిరునామా ఏ మిత్రునకో పంపబడినను, ఏ సూచికలోనో చేరినను, దానిని నొక్కిన పరాయివాడు ఆ సెషను జీవించియున్నంతసేపు ఇతరుల అరలోనికి చేయి పెట్టగలడు. భద్రతాశాస్త్రజ్ఞులు చిరునామాలలో సెషను సంఖ్యలు కూడదని గట్టిగా వాదించుటకు ఇదియే మూలము.

ఈ పుటలు వేరుకావని క్రాలరునకు తెలియుట యెట్లు? తొలుత తోచిన ఉపాయము ప్రతి పుటనుండి ఒక ముద్రను, అనగా పుటయంతటిని ఇమిడ్చికొన్న ఒక సంఖ్యను గణించి, ముద్రలు సమానమైనచో పుటలును సమానమనుట. కాని సెషను సంఖ్య పుటలోని లంకెలలోను చేరియుండుటచే ఒక్క అక్షరము మారినను ముద్ర మొత్తము మారిపోవును. ఉపాయము ఎచ్చట అవసరమో అచ్చటనే విఫలమగును. ఆల్టావిస్టా అను శోధనయంత్రమును నడపిన డిజిటల్ సంస్థ పరిశోధకుడు ఆండ్రై బ్రోడర్ 1997లో, పుటను కొన్నికొన్ని వరుస పదముల గుచ్ఛములుగా విభజించి, రెండు పుటలకు ఎన్ని గుచ్ఛములు సామాన్యములో కొలుచు మార్గమును చూపెను. సమానత్వమునకు బదులుగా సాదృశ్యమును కొలుచుట అను ఈ భావమే తరువాతి పరిశోధనకంతటికి బీజమైనది.

2002లో మోసెస్ చారికర్ కనుగొన్న వేరొక పద్ధతి నా దృష్టికి అత్యంత రమణీయముగా తోచును. సాధారణ ముద్రలలో స్వల్పభేదము పెద్దభేదమై పొడసూపును. చారికర్ ముద్రలో స్వల్పభేదము స్వల్పభేదముగానే నిలుచును. పుటలోని ఒక్కొక్క పదమునుండి 64 బిట్ల సంఖ్య నొకదానిని పుట్టింతురు. ఒక్కొక్క బిట్టు స్థానమున ఆ సంఖ్యకు 1 ఉన్నచో ఆ పదముయొక్క ప్రాధాన్యమును కూడుదురు, 0 ఉన్నచో తీసివేయుదురు. పదములన్నియు ముగిసిన పిదప, మొత్తము ధనమైన స్థానమున 1ని, ఋణమైన స్థానమున 0ని నిలుపగా మిగిలిన 64 బిట్లే ఆ పుటకు ముద్ర. వేయి పదముల పుటలో రెండు మూడు పదములు మారినచో ఏ స్థానమునందును మొత్తము చాలవరకు తారుమారు కాదు; కావున ముద్రలో ఒకటి రెండు బిట్లు మాత్రమే మారును, లేదా అసలే మారవు. గుర్మీత్ సింగ్ మాంకు, అరవింద్ జైన్, అనీష్ దాస్ శర్మ అను ముగ్గురు 2007లో ప్రకటించిన పరిశోధనలో 800 కోట్ల పుటలుగల సంచయమున సైతము, 64 బిట్లలో మూడింటికి మించి భేదించని ముద్రలుగల పుటలను దాదాపు ఏకపుటలుగా నెంచుట సమంజసమని తేల్చిరి. 800 కోట్ల ముద్రలలో అట్టివానిని క్షణములో వెదకి పట్టుకొనుటకు వారు కల్పించిన పట్టికల విన్యాసము మరియొక వ్యాసమునకు తగిన విషయము.

ముద్రను గణింపవలెనన్నచో ముందుగా పుటను తేవలెను. అనగా శ్రమ అప్పటికే వ్యయమైపోయినది. తేకముందే తెలిసికొనుటెట్లు? జివ్ బార్-యోసెఫ్, ఇదిత్ కైదార్, ఊరి షోన్‌ఫెల్డ్ అదే 2007లో దీనికి సమాధానమును ప్రతిపాదించిరి: ఒక వెబ్‌సైటునకు సంబంధించిన చిరునామాల జాబితాను మాత్రమే పరిశీలించి, ఏ భాగమును తొలగించినను, మార్చినను పుట మారకుండునో తెలుపు సూత్రములను యంత్రమే ఊహించును, ఆ పిదప కొలదిపాటి పుటలను తెచ్చి ఆ ఊహను సరిచూచుకొనును. ఇంతటి పాండిత్యము లేకయే పనిజరుపు మార్గమును గలదు. హెరిట్రిక్స్ నిర్మాతలు తెలిసిన సెషను గుర్తుల రూపములను సూత్రములుగా వ్రాసి, సరిపోల్చుటకు ముందే చిరునామానుండి వానిని కత్తిరించునట్లు చేసిరి. మొరటు పద్ధతియైనను ఎక్కువ చోట్ల ఇది చాలును.

చివరకు ఈ భారమును వెబ్‌సైట్ల యజమానులును కొంత పంచుకొనిరి. 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడును ఏకమై, పుటయొక్క శిరోభాగమున ఇదియే దీని ప్రామాణిక చిరునామా అని ప్రకటించుకొను కెనానికల్ లంకెను ప్రవేశపెట్టెను. మూడేండ్లకు, 2012 ఏప్రిలులో, అది ఆర్‌ఎఫ్‌సి 6596గా వెలువడెను. 2009లోనే వెలువడిన పిహెచ్‌పి 5.3 సెషను సంఖ్యలకు కుకీలను మాత్రమే వినియోగించుటను సహజస్థితిగా చేసెను. 2024లో వచ్చిన 8.4, చిరునామాలో సెషను సంఖ్య నుంచు పాతపద్ధతిని త్వరలో తొలగింపబడు వానిలో చేర్చెను. ఒక తరము ఇంజనీర్లను వేధించిన వ్యాధి ఇట్లు క్రమముగా తగ్గుముఖము పట్టినది.

కుకీలోనే సెషను సంఖ్యను ఉంచినంతమాత్రమున చిక్కులు తీరిపోవని చెప్పుటకు రెండు ఉదాహరణములు చాలును. వచ్చిన బ్రౌజరు కుకీలను అంగీకరించునో లేదో పరీక్షింపగోరి కొన్ని సర్వర్లు, కుకీని ఇచ్చి, అదే పుటకు మరల రమ్మని మళ్ళించును. తిరిగివచ్చిన వానికడ కుకీ లేకున్నచో మరల ఇచ్చి మరల మళ్ళించును. మానవుని బ్రౌజరు రెండవసారికే లోనికి పోవును. కుకీ నుంచుకొనని క్రాలరు వాకిటనే తిరుగుచుండును. గూగుల్ క్రాలర్లు పది మళ్ళింపుల వరకు ఓర్చి, పిమ్మట ఆ పుటను విడిచిపెట్టును; ఎంత గొప్ప పుటయైనను సూచికలో దానికి తావు లేదు. ఇక వేరొక చిక్కు సర్వరునకే. ప్రతి అడుగునకు ప్రతి క్రాలరు క్రొత్తవాడే కావున, వచ్చిన ప్రతివానికిని సెషనును తెరచుచు పోవు సర్వరు, ఎవ్వరును తిరిగివచ్చి అడుగని ఖాళీ అరలను వేలకొలదిగా నిర్మించుకొని నలిగిపోవును. లాగిన్ గాని, కొనుగోలు గాని ఆరంభించువరకు సెషను తెరవకుండుట దీనికి తగిన చికిత్స.

వార్తాపత్రికల విషయమున ఈ మరపు ధనసంబంధమైన ప్రశ్న యైనది. 2011లో న్యూయార్క్ టైమ్స్ నెలకు 20 వ్యాసములు ఉచితముగా చదువనిచ్చి, ఆపై చందా కోరు పద్ధతి నవలంబించినపుడు, లాగిన్ కాని పాఠకుని లెక్క ప్రధానముగా కుకీలోనే నడచెను. ఇట్టి లెక్కకు క్రాలరు ఎన్నటికిని చిక్కదు. దాని లెక్క ఎప్పుడును ఒకటియే. సూచికలో తమ వ్యాసములు నిలువగోరు పత్రికలకు ఇది అనుకూలమే. కాని తమ బ్రౌజరునకు క్రాలరు పేరు తగిలించుకొని లోనికి చొరబడువారు బయలుదేరుటచే, వచ్చినవాడు నిజమైన క్రాలరో కాదో అతడు వచ్చిన ఐపి చిరునామానుండి డొమైను పేరును, ఆ పేరునుండి మరల చిరునామాను వెదకి సరిచూచుకొను అవసరము పత్రికలకు కలిగెను. శోధనఫలితమునుండి వచ్చిన పాఠకునికి మొదటి వ్యాసమును ఉచితముగా చూపవలెనన్న నియమమును గూగుల్ 2017 అక్టోబరులో విడిచిపెట్టి, ఎంత చూపవలెనో పత్రికలకే వదలివేసెను. ఐరోపా చట్టములవలన నేడు పలు వెబ్‌సైట్ల ముంగిటను నిలిచిన అనుమతి ఫలకముల సంగతియు ఇట్టిదే: క్రాలరు దేనిని నొక్కదు, సమ్మతింపదు, నిరాకరింపదు, ఆ ఫలకమునకు వెనుక వ్యాసము పుటలోనే యున్నచో చదువును, నొక్కిన పిమ్మట మాత్రమే వ్యాసము వచ్చునట్లున్నచో ఖాళీ పుటను చూచి పోవును.

ఇంతవరకు చెప్పినదంతయు తెలుగువారమగు మనకు దూరపు ముచ్చట యనుకొనరాదు. తెలుగు, ఆంగ్లము రెండును గల వెబ్‌సైట్లు కొన్నింటిలో పైభాగమున భాషను మార్చు మీట యొకటి యుండును. నొక్కగానే అక్షరములు తెలుగులోనికి మారును. చిరునామా మాత్రము మారదు. భాషా నిర్ణయము కుకీలోనో సెషనులోనో దాగినదన్నమాట. మనకు ఇది చక్కగా పనిచేయుచున్నట్లే తోచును, ఏలయన మన బ్రౌజరు ఆ గుర్తును మోయుచున్నది. క్రాలరు మీటను నొక్కదు. నొక్కినను మరు పుటకు పోవునప్పటికి గుర్తు మిగులదు. ఇవియుగాక గూగుల్ క్రాలరు ఏ భాష కావలెనో తెలుపు సూచనను సర్వరునకు పంపదు, వచ్చునదియు చాలవరకు అమెరికా చిరునామాలనుండియే. అందుచే అట్టి వెబ్‌సైటునకు ఎన్నిమార్లు వచ్చినను అది ఆంగ్లపుటనే చూచును, ఆంగ్లపుటనే సూచికలో చేర్చును. ఎందరో శ్రమించి అనువదించిన తెలుగు పాఠము, అక్షరదోషములు దిద్దుకొని, అందముగా అచ్చుకట్టుకొని, లోకములో ఎవ్వరు వెదకినను దొరకక పడియుండును. ఒక రైతు పంట బీమా నియమములను తెలుగులో వెదకినపుడు, ఒక విద్యార్థిని విద్యార్థి వేతనపు వివరములను తెలుగులో వెదకినపుడు, ఆ సమాచారము తెలుగులో ఉండియు లేనట్లే యగుట నాకు మిక్కిలి బాధాకరముగా నున్నది.

పరిహారము కష్టమైనది కాదు, వ్యయముతో కూడినదియు కాదు. భాషకొక చిరునామా నీయవలెను. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా మొదటినుండియు టిఇ అను రెండక్షరముల ఉపసర్గతో తనదైన చిరునామాను నిలుపుకొన్నది. అందలి ప్రతి వ్యాసమునకు స్వతంత్రమైన స్థానము గలదు, ఏ కుకీయు లేని పాఠకుడైనను నేరుగా అచ్చటికి చేరగలడు. కుకీలపై ఆధారపడక భాషాభేదమునకు చిరునామాభేదమును కల్పింపుడని గూగుల్ సైతము చెప్పుచున్నది. ఈ ఆంగ్లపుటకు తెలుగురూపము అల్లచోట గలదని పరస్పరము తెలుపుకొను హెచ్‌ఆర్‌ఇఎఫ్‌ల్యాంగ్ అను గుర్తు 2011 నుండి వాడుకలో నున్నది.

కావున తెలుగు పుటలుగల వెబ్‌సైట్లను నడుపు సంపాదకులకును, ప్రభుత్వ శాఖలవారికిని, గ్రంథాలయముల నిర్వాహకులకును నా విన్నప మొకటి. మీ తెలుగు పుటయొక్క చిరునామాను ప్రతి తీసికొని, కుకీలను అనుమతింపని బ్రౌజరు కిటికీలో అతికించి తెరచి చూడుడు. తెలుగు పుట యథాతథముగా కనబడినచో సంతోషము. ఆంగ్లపుటయో, తొలిపుటయో, లాగిన్ కోరు పుటయో ఎదురైనచో మాత్రము, క్రొత్త అలంకారములన్నిటిని కొంతకాలము ప్రక్కకు నెట్టి, ముందుగా ఆ తెలుగు పుటకు దాని సొంత చిరునామాను ఈయుడు.